క్వాన్ పెద్దమ్మ ఒప్పుకున్న తప్పు

నలభై ఒకటి డిసెంబరులో, హాంగ్‌కాంగ్ వాన్‌చాయ్‌లో మా వీధి మీద జపాన్ ఫిరంగి గుళ్లు పడడం మొదలైన మూడో రోజు పొద్దున నాకు నొప్పులొచ్చాయి. నా భర్త వై-హింగ్ వాలంటీరు దళంలో అంబులెన్సు నడుపుతూ కొండకి అవతల ఎక్కడో ఉన్నాడు. కాంటన్ జపాన్‌వాళ్ల చేతికి చిక్కినప్పుడు పారిపోయి వచ్చినదాన్ని నేను. హాంగ్‌కాంగ్‌లో అతను తప్ప నాకు నా అన్నవాళ్లు లేరు. మూడో అంతస్తులో ఉండే మంత్రసాని క్వాన్ పెద్దమ్మ నన్ను మెట్ల కింద గోనెసంచుల మీద పడుకోబెట్టి పురుడు పోసింది. గుండు పడ్డప్పుడల్లా సున్నం రాలేది. ఆవిడ తన వీపు అడ్డం పెట్టి, "అదంతా బయట గోల. నీ పని నువ్వు చూసుకో, పుయ్-యింగ్," అంది. ఆడపిల్ల పుట్టింది. నింగ్ అని పేరు పెట్టాం, శాంతి అని.

వారానికల్లా, క్రిస్మస్ నాడు, ఇంగ్లీషువాళ్లు తెల్లజెండా ఎగరేసి లొంగిపోయారు. వై-హింగ్‌ని పట్టుకుని రేవు అవతల షామ్‌ష్వీపో శిబిరంలో పెట్టారని తర్వాత తెలిసింది.

క్వాన్ పెద్దమ్మ ముడి వేసుకున్న మనిషి. ఆవిడది పట్టుపురుగులు పెంచే షున్‌తాక్ ప్రాంతం. అక్కడ కొందరు ఆడవాళ్లు దేవత ముందు తమ జుట్టు తామే ముడి వేసుకుని, జన్మలో పెళ్లి చేసుకోబోమని ఒట్టేసుకుంటారు. ఈవిడ పదిహేడో ఏట వేసుకుంది. ఆవిడతో ఒట్టేసిన అక్కచెల్లెళ్లు ఆరుగురు కొండ వాలున ఒక ఇల్లు తీసుకుని ఉండేవారు. ముసలితనంలో తల దాచుకోడానికీ, పోయాక పేరు రాసిన పలక పెట్టి ధూపం వేయడానికీ ఆ ఇల్లే. ప్రతి పున్నమికీ పెద్దమ్మ అక్కడికి భోజనానికి వెళ్లేది. ఆవిడ నడిచొస్తుంటే వీధిలో తాగుబోతులు కూడా పక్కకి తప్పుకునేవారు.

వసంతం వచ్చేసరికి జపాన్‌వాళ్లు ఇంటింటికీ లెక్కలు తీయడం మొదలుపెట్టారు. ఇల్లూ పనీ లేనివాళ్లని పడవలెక్కించి చైనాలోకి పంపేస్తున్నారు. ఎక్కినవాళ్లు ఊరు చేరారో లేదో చెప్పినవాళ్లు లేరు. నాకు చూస్తే పనిలేదు, నా మొగుడు వాళ్ల దగ్గరే ఖైదీ, చంకలో నాలుగు నెలల పిల్ల. ఇద్దరు సైనికులూ, ఒక దుబాసీ, మా పేటకి పెద్ద అని వాళ్లు కొత్తగా పెట్టిన మనిషీ మెట్లెక్కి వచ్చి నువ్వెవరి తాలూకని అడిగారు.

"నా కూతురు," అంది పెద్దమ్మ పై మెట్టు మీంచి.

పేట పెద్ద నవ్వాడు. ముడి వేసుకున్నదానివి, నీకు కూతురేమిటని అడిగాడు. అప్పటికే మెట్ల నిండా జనం చేరారు. ఎప్పుడూ ఎవరి ముందూ తల వంచని మనిషి నేల చూపులు చూసింది.

"చిన్నతనంలో తప్పు జరిగింది. పిల్లని వేరేవాళ్ల దగ్గర పెంచాను. ఇంకేం చెప్పమంటారు?"

సైనికులకి అర్థమయ్యేలా దుబాసీ చెప్పాడు. వాళ్లు కూడా నవ్వారు. నా పేరూ నింగ్ పేరూ ఆవిడ పేరు కింద రాసుకుని, బియ్యం చీటీ ఇచ్చి వెళ్లిపోయారు.

మూడు రోజుల తర్వాత అక్కచెల్లెళ్లలో ఒకామె వచ్చింది. కొండ వాలు ఇంట్లో పెద్దమ్మకని ఉంచిన అన్నం గిన్నె, చాప, చెప్పులు మూటగట్టి తెచ్చి గుమ్మం బయట పెట్టింది. నీకిక మా ఇంట్లో చోటు లేదని వీధంతా వినేట్టు చెప్పి, లోపలికి రాకుండానే వెళ్లిపోయింది. పెద్దమ్మ మూట విప్పి, గిన్నె కడిగి, అందులోనే నింగ్‌కి గంజి పోసింది. నేను ఏడుస్తుంటే పొయ్యిలో పుల్ల ఆరిపోతోంది చూడమంది.

ఆ రోజునుంచి ఆవిడ గదిలోనే ఉన్నాం. నేను ఆవిడకి రెండు చేతులతో టీ అందిస్తుంటే ఒకసారి విసుక్కుంది. "కూతుళ్లు ఇంత మర్యాదగా ఉంటారటే? చూసేవాళ్లకి అనుమానం రాదూ? అప్పుడప్పుడు ఎదురు చెప్పు." నేను మెట్ల మీద నలుగురి ముందూ ఎదురు చెప్పడం అలవాటు చేసుకోబోయాను. నాకు చేతకాలేదు. మాట చివర క్షమాపణ వచ్చేసేది. ఆవిడ లోపలికొచ్చాక నవ్వేది.

రెండో ఏడాదికి చీటీ మీద వచ్చే బియ్యం పిడికెడుకి దిగింది, అందులోనూ ఇసుక. చిలగడదుంప ఆకులూ, నూనె తీసిన వేరుశనగ పిండీ తిన్నాం. పెద్దమ్మ మాత్రం పురుడు పోసిన ఇళ్లలో తిని వచ్చానని చెప్పి తన వాటా నింగ్‌కి పెట్టేసేది. ఒకనాడు బావి దగ్గర కూలబడిపోయింది. ఎత్తుకొచ్చి చూస్తే కాళ్లు నీరు పట్టి ఉన్నాయి. ఏ ఇంట్లోనూ ఎవరూ ఆవిడకి పెట్టలేదు. పెట్టడానికి వాళ్లకే లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నువ్వు చస్తే నాకెవరున్నారే అమ్మా? నీ త్యాగం ఎవరిక్కావాలి? నోరు మూసుకుని తిను," అని అరిచాను. నన్ను నేనే ఆపుకోలేకపోయాను.

ఆవిడ గిన్నె అందుకుని, "ఇప్పుడు సరిగ్గా వచ్చింది," అని తినడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఎవరి వాటా వాళ్లు తిన్నాం. నేను దగ్గరుండి చూసేదాన్ని.

నలభై ఐదు ఆగస్టులో జపాన్ లొంగిపోయిందన్నారు. నెలాఖరుకి రేవులోకి ఇంగ్లీషు ఓడలొచ్చాయి. వై-హింగ్ నడిచి వచ్చాడు, ఎముకల మీద చొక్కా వేసినట్టు. నింగ్, పెద్దమ్మ వెనక దాక్కుని, ఎవరో వచ్చారు అమ్మమ్మా అంది. ఆయన నవ్వబోయి గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. జరిగిందంతా చెప్పాను. మీ ఆయన వచ్చాడుగా, ఇక నా కూతురి వేషం చాలించమని పెద్దమ్మ గొణుగుతూనే ఉంది. వై-హింగ్ ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చుని టీ పట్టి, అత్తగారూ అన్నాడు. ఆవిడ తాగింది, చల్లారిపోయిందని వంక పెట్టింది.

మర్నాడు నేను కొండ మీది ఇంటికి వెళ్లి, ఆ అక్కచెల్లెళ్లలో పెద్దక్కకి నిజం చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"పదిహేడో ఏటినుంచీ మా కళ్ల ముందే ఉన్న మనిషికి పిల్లెప్పుడు పుడుతుందమ్మా? మేం వెలేస్తేనే కదా పేటలో అందరూ ఆ మాట నమ్ముతారు. మాలో ఇద్దరు నిజంగానే నమ్మి ఏడ్చారు. నేను సర్దిచెప్పలేదు. ఏడుపు నిజంగా ఉంటేనే మంచిదనిపించింది."

ఈ సంగతి చెబితే పెద్దమ్మ సంతోషిస్తుందనుకున్నాను. రెండు రోజులు ఉడికిపోయింది. మూడేళ్లుగా పున్నమి భోజనం లేకుండా చేశారని తిట్టింది. మూడో రోజు నింగ్‌కి జడ వేసి, చెయ్యి పట్టుకుని కొండెక్కింది. ఇద్దరూ చీకటి పడ్డాకే దిగారు.

వీధిలో వాళ్లకి కూడా నిజం చెప్పమంటావా అని అడిగాను. "ఇంటింటికీ తిరిగి నాకు కూతురు లేదని చెప్పుకోమంటావా? వద్దులే," అంది.

యుద్ధం అయ్యాక వచ్చిన మొదటి చైనా కొత్త సంవత్సరం రెండో రోజు, కూతుళ్లు మొగుళ్లతో పుట్టింటికి వెళ్లే రోజు. మేం ఉండేదే ఆవిడ ఇంట్లో. అయినా పొద్దున్నే ముగ్గురినీ బయటికి తరిమింది. మార్కెట్ వరకు నడిచి, నారింజపళ్లు కొనుక్కుని, వీధి మధ్యగా తీరిగ్గా రమ్మంది. మేం వచ్చేసరికి ఆవిడ కొత్త చొక్కా తొడుక్కుని, కింది గుమ్మంలో నిలబడి, మా అమ్మాయీ అల్లుడూ వస్తున్నారని ఎదురింటావిడతో చెబుతోంది.