తూర్పు మూల గుంట

ఆ పొద్దున ఆకాశంలో మబ్బు తునక లేదు. మార్చిలో మా జట్లాండ్ ప్రాంతం మీద అలాంటి ఆకాశం కనబడితే రైతన్నవాడు ఇంట్లో నిలవడు.

మా వ్యవసాయ సలహా కేంద్రంలో టోవెది నాకెదురు బల్ల. ఇరవై ఎనిమిదేళ్లు పొలాల వెంట నడిచి సలహాలు రాసిన మనిషి. నిరుటి నుంచి కంప్యూటరే రాస్తోంది. ఆమె చదివి ఒప్పుకోవాలి. కాదంటే తెర మీది పట్టీలోంచి ఒక కారణం ఎంచాలి. తొమ్మిదిలోగా ఏదీ తేల్చకపోతే సలహా ఆమె పేరు మీదే రైతుకు వెళ్లిపోతుంది.

ఆ రోజు విల్లాడ్స్ అనే రైతు గోధుమ పొలానికి సలహా వచ్చింది. నేల ఆరింది, ఎరువుగా చల్లే పేడనీళ్ల ట్యాంకరు తోలవచ్చని ఉంది.

"తూర్పు మూల గుంట ఉంది," అంది టోవె. "కొత్తగా కొన్నాడు, వీడికి తెలీదు. ఎప్పుడో సున్నపుమన్ను తవ్వుకున్న గుంట. పాత రైతు దాన్ని పూడుస్తుంటే నేనక్కడే ఉన్నా. పైకి గట్టిగానే ఉంటుంది. బరువు పడిందా, మింగేస్తుంది."

పట్టీలో అలాంటి కారణం లేదు. నేనూ వెతికాను. చివరికి "వాన" అని నొక్కింది. వాన లేదని తిరిగొచ్చింది.

మేనేజరు ఎస్బెన్ వచ్చి చూశాడు. "మ్యాపులో గుంట లేదు టోవె. చేర్చమని రాస్తాలే, మ్యాపు వాళ్లు జూన్‌లో చూస్తారు. అయినా రాసే బాధ తప్పింది, సుఖమే కదా?"

"సుఖమే. శవానికున్నంత సుఖం."

తొమ్మిదయింది. సలహా వెళ్లిపోయింది. టోవె విల్లాడ్స్‌కి ఫోను చేసింది. ట్రాక్టరు మోతలో అతని అరుపు నాకూ వినబడింది.

"ఇప్పుడేగా తోలమన్నావు! కింద నీ పేరే ఉంది. రాసిన టోవెని నమ్మనా, అరిచే టోవెని నమ్మనా?"

"అరిచేదాన్ని నమ్ము నాయనా! తూర్పు మూలకి పోకు!"

"అద్దె ట్యాంకరు, మధ్యాహ్నానికి తిరిగిచ్చేయాలి తల్లీ," అని పెట్టేశాడు.

టోవె గోడకున్న మేకు కేసి చూసింది. పొలాలకు వెళ్లే కారు తాళం అక్కడుండేది. కారు అమ్మేసి ఆరు నెలలైంది. మా ఇద్దరివీ సైకిళ్లు. ఆ పొలం ఇరవై కిలోమీటర్లు.

పదకొండున్నరకి అందరం ఒకే బల్ల దగ్గర తింటాం. రొట్టె కోస్తుండగా విల్లాడ్స్ వచ్చాడు. తొడల దాకా బురద.

"ట్యాంకరు ఇరుసు దాకా దిగిపోయింది," అన్నాడు.

వాకిట్లో బూట్లు విప్పి, తడి మేజోళ్లతో వచ్చి నిలబడ్డాడు. టోవె పక్కకి జరిగింది. నల్ల రొట్టె మీద ఊరేసిన చేప పెట్టి అతని ముందుకు తోసింది. ఎస్బెన్ ఉల్లిపాయ ముక్కలు అందించాడు.

విల్లాడ్స్ వేళ్ల బురద రొట్టెకి అంటుకుంది. అలాగే తిన్నాడు. మేమూ తిన్నాం.