రాతిగుడిసె గొర్రె

సైలస్ రాతిగుడిసె గడపలో మోకాళ్ళ మీద కూర్చుని, అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల మూతి తుడుస్తున్నాడు. పేరుకే గుడిసె. పైకప్పు ఎన్ని వేల ఏళ్ళ కిందట పోయిందో, నడుమెత్తున గుండ్రంగా పేర్చిన రాళ్ళే మిగిలాయి. కట్టిన వాళ్ళెవరోగానీ ఇంగ్లండులోని ఈ డార్ట్‌మూర్ కొండల గాలి సంగతి తెలిసిన వాళ్ళు, వాకిలి దక్షిణానికి పెట్టారు. ఈనే గొర్రెలు అక్కడికే చేరతాయి.

ఈ కొండకి కంచెలు లేవు. మంద ఎక్కడ మేయాలో తల్లి పిల్లకి చూపిస్తుంది, అంతే. కొత్త గొర్రెల్ని తెచ్చి వదిలితే నెల తిరక్కుండా చెల్లాచెదురవుతాయి. సైలస్ నలభయ్యొక్క ఏళ్ళుగా లిడ్‌స్టన్ వాళ్ళ మందని కాస్తున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. సముద్రం రెండుసార్లు చూశాడు, నచ్చలేదు.

పక్క పొలంలో పశువులకి గాలికుంటు రోగం కనబడింది. ఈ మందకి ఏ జబ్బూ లేదు, అయినా అంటుకుంటుందేమోనని అన్నిటినీ చంపాలని సర్కారు ఉత్తర్వు. అతను పిలిస్తే తప్ప అవి కొండ దిగవు, అదీ ఖర్మ.

"కదలకే ముసలీ," అన్నాడు తల్లిగొర్రెతో. "నోరు మూసుకుని పడుండు. నీ ఒక్కదానికి చోటు గుర్తుంటే చాలు, మళ్ళీ మంద చేస్తా."

మిగతా వాటిని కింద దొడ్డికి తోలాడు. చంపడానికి వచ్చిన తెల్ల బట్టల వాళ్ళు, పశువుల డాక్టరమ్మ కాచుకుని ఉన్నారు.

"ఇంకా ఉన్నాయా తాతా?" అంది డాక్టరమ్మ.

"లేవమ్మా. అన్నీ వచ్చేశాయి."

గేటు దగ్గర నాలుగు బెదిరి మొరాయించాయి. ఎవరో కర్ర ఎత్తారు.

"కొట్టకండయ్యా! నేను చెబితే వింటాయి!"

సైలస్ దాణా బకెట్టు గలగలలాడించి, "హో...! రండే, రండే!" అని గొంతెత్తాడు. నాలుగూ బుద్ధిగా లోపలికి పోయాయి.

పైన గొర్రె అరిచింది. సైలస్ బకెట్టు ఆడించడం ఆపేశాడు. ముసలిది తొందరేమీ లేకుండా దిగుతోంది, పిల్ల వెనకాలే తడబడుతోంది. వచ్చి బకెట్లో మూతి పెట్టింది. భుజం మీద లిడ్‌స్టన్ వాళ్ళ మంద గుర్తు, ఎర్రరంగు.

"ఇదీ మీదేనా?" డాక్టరమ్మ మెల్లగా అడిగింది.

"మాదేనమ్మా. కాస్త తిననివ్వు."

ఆమె ఆగింది.

మధ్యాహ్నానికల్లా దొడ్డిలో చప్పుడు లేదు.

"టీ తాగి వెళ్ళు సైలస్," అంది యజమానురాలు మిసెస్ లిడ్‌స్టన్.

"పైన పనుందమ్మా."

పనేమీ లేదు. బకెట్టు పట్టుకుని అలవాటుగా కొండెక్కాడు. గుడిసెలో గొర్రె పడుకున్న గడ్డి ఇంకా వెచ్చగా ఉందేమోనని అరచెయ్యి ఆనించాడు. చల్లబడిపోయింది. పిలవకపోతే బతికేదని ఏడ్చాడు.

సాయంత్రం వట్టి చేతులతో దిగాడు. బకెట్టు పైన గుడిసె గడపరాయి పక్కనే ఉంది, అడుగున గుప్పెడు దాణాతో.