గేదె బరువు నాలుగు బస్తాలు

నేను ఒక సాఫ్ట్‌వేర్‌ని. గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌కి నాలుగో వెర్షన్‌ని. అయిదోది వచ్చేసింది కదా, ఇంకా నీ గొడవేమిటంటారా? గొప్పలు పోతున్నానని అనుకున్నా సరే, వినండి.

నన్ను నలభై మంది రెండేళ్ళు కూర్చుని తయారుచేశారు. వాళ్ళలో సగం మందికి ఈత రాదు. అయినా నాలో పోసిన నీళ్ళున్నాయే, ఆహా, వాటి మీద ఏం పెట్టినా తేలేది! మొదట బెజవాడలో ఒక శిక్షణా సంస్థలో పడ్డాను. అక్కడ ఏ బ్యాచ్ వచ్చినా చేసేది కార్ల పందెం ఆటే. కారుని గోడకు గుద్దడం, నన్ను తిట్టడం. రోడ్డుకు అడ్డంగా గోడ కట్టిందెవరయ్యా మరి? అక్కడ పాఠాలు చెప్పే సుభాషిణి ఆ ఉద్యోగం మానేసి, సొంతూరు నరసాపురం పోతూ, తన లాప్‌టాప్‌లో నన్ను వేసుకుంది. బతికిపోయాను.

సుభాషిణి గోదావరి మీద పంటు నడిపే ఆట మొదలుపెట్టింది. మనుషుల్నీ, మోటారు సైకిళ్ళనీ, గేదెల్నీ ఎక్కించుకుని అవతలి ఒడ్డున సఖినేటిపల్లి రేవుకి చేర్చాలి. బరువంతా ఒకవైపు పడితే పంటు ఒరిగిపోతుంది. ఏది ఎంత బరువో తెలుసుకోవడానికి, ముప్పై ఏళ్ళుగా పంటు నడుపుతున్న సరంగు అబ్బులుని అడిగింది. ఆయనకు కిలోలు పట్టవు.

"మడిసికి ఒక బస్తా ఏసుకోండి. బండికి రెండు. గేదంటే నాలుగండి. పంటు మీద మా లెక్కంతా దాన్యం బస్తాలేనండి అమ్మాయిగారూ" అన్నాడు.

ఆమె అలాగే ఒకటి, రెండు, నాలుగు అని నాలో రాసేసింది. నేనేమో వాటిని కిలోలనుకుంటాను. నాలుగు కిలోల గేదె! నవ్వొచ్చింది. ఆ లెక్కకు తగ్గట్టు నా నీళ్ళనీ, గాలినీ చేత్తో సర్దుకుంటూ పోయింది. అబ్బులు చూసి "ఆయ్, ఇదండీ పంటంటే!" అనేదాకా వదల్లేదు. రెండేళ్ళు పట్టింది.

విశాఖపట్నంలో పోటీ పెట్టారు. నెగ్గిన ఆటను ఒక కంపెనీ ఊరూరా ఫోన్లలోకి పంపుతుంది. నెగ్గకపోతే జూన్ నుంచి సుభాషిణి మళ్ళీ కార్ల పందేలు నేర్పుకోవాల్సిందే.

ఇంకా తొమ్మిది రోజులుందనగా, ఆటకు బొమ్మలు గీసే మస్తాన్‌వలికి అయిదో వెర్షన్ మీద మోజు పుట్టింది. దాంట్లో నీళ్ళు తళతళలాడతాయట. "ఒకసారి మారిస్తే పాత వెర్షన్‌లో తెరుచుకోదు, కాపీ ఉందా?" అని అది అడిగింది. చదవకుండానే సరే కొట్టేశాడు మహానుభావుడు.

నీళ్ళు తళతళలాడాయి, కాదనను. కానీ ఆ కొత్తమ్మకి అన్నీ కొలత ప్రకారం ఉండాలి. నాలుగు కిలోల గేదె పంటు మీద కాలు పెట్టీ పెట్టగానే బెండు ముక్కలా ఎగిరి సఖినేటిపల్లి అవతల పడింది. దాని వెనకే పంటెక్కిన పెళ్ళివాళ్ళు.

"ఏం చేశావ్ మస్తానూ!" అని సుభాషిణి కూలబడిపోయింది.

బస్తాకి డెబ్బై అయిదు కిలోల లెక్కన అంకెలన్నీ మార్చి చూశారు. ఈసారి ఏదీ ఎగరలేదు. అబ్బులు వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. "బాగానే ఉందండి. కానీ గేదెక్కితే పంటు మూలగాలి గదండీ. ఇది బల్లలాగుంది."

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మిగిలిందల్లా పెన్‌డ్రైవ్‌లో నాలుగు నెలల కిందటి కాపీ. దాన్ని నాలో తెరిచి, "మళ్ళీ చేద్దాం, దీంట్లోనే" అంది. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను! మస్తాన్ లెంపలేసుకుని బొమ్మలన్నీ మళ్ళీ పేర్చాడు. అబ్బులు రోజూ డ్యూటీ దిగి వచ్చి పక్కనే కూర్చునేవాడు. నాలుగు నెలల పని ఎనిమిది రోజుల్లో లాగించారు. నేను ఒక్కసారి కూడా ఆగిపోలేదు, రాసిపెట్టుకోండి.

విశాఖలో పోటీకి జడ్జీగా వచ్చిన పెద్దావిడ ఆడి చూస్తూ గేదెల్ని రెండిటినీ ఒకేవైపు ఎక్కించింది. పంటు మూలిగి ఒరిగింది. ఆవిడ "అయ్యయ్యో!" అంటూ కుర్చీలో రెండోవైపుకి వాలిపోయింది. పక్కనున్నవాళ్ళు కూడా వాలారు. సుభాషిణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ నవ్వింది. ఫలితం చదవకముందే నాకు తెలిసిపోయింది, నెగ్గాం.

తర్వాతి ఆట సుభాషిణి అయిదో వెర్షన్‌లో మొదలుపెట్టింది. ఈసారి బరువులన్నీ కిలోల్లోనే. లాప్‌టాప్‌లో చోటు చాలక నన్ను తీసేసింది. మనుషులింతే, నేనేమీ అనుకోలేదు. ఎందుకంటే ఆటను లోపల్నుంచి నడిపించే భాగం నాదే, ఆట వెళ్ళిన ప్రతి ఫోన్‌లోకీ నేనూ వెళ్ళాను. ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది సఖినేటిపల్లి రేవులో అరటిపళ్ళమ్మే ఒకావిడ ఫోన్‌లోంచి. పంటు వచ్చేదాకా ఆడుకుంటోంది. గేదె ఎక్కింది, పంటు మూలిగింది, ఆవిడ బుట్ట గట్టిగా పట్టుకుంది.