ఆదెమ్మకు నిద్రపట్టిన బండి

పెళ్ళయి నెలలు గడిచినా ఇమ్మానియేలు మాస్టారు భార్యను "సిస్టర్ గారూ" అనే పిలిచేవాడు. ఆదెమ్మ ప్రత్తిపాడు ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఊళ్ళో అందరికీ ఆమె సిస్టరే, ఆయనకూ ఎన్నో ఏళ్ళుగా సిస్టరే. పెళ్ళి ప్రమాణాలప్పుడు పాస్టరుగారు చెప్పించినట్టు పేరుపెట్టి అన్నాడు గానీ, చర్చి మెట్లు దిగేసరికి పాత పిలుపే నోటికొచ్చింది. ఆడవాళ్ళంతా కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. ఆదెమ్మ కూడా ఏం తక్కువ తినలేదు. ఆయన్ను "మాస్టారండీ" అనేది.

ఇద్దరికీ నలభై దగ్గరపడ్డాక అయిన పెళ్ళి. ఒక ఇంట్లో ఉంటూ కూడా ఒకరికొకరు చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళలాగే మసలుకునేవాళ్ళు. ఆయన బడినుంచి రాగానే గుమ్మం బయట దగ్గేవాడు. ఆమె అన్నం వడ్డించి "చాలాండీ?" అని ఒకటికి రెండుసార్లు అడిగేది.

ఆదెమ్మ పని చుట్టుపక్కల పల్లెల్లో. తారురోడ్డు దాకా బస్సుంటుంది, అక్కడినుంచి డొంకదారి. ఎండాకాలం మడమలు మునిగే దుమ్ము, వానొస్తే చెప్పు ఊడదీసుకునే నల్లరేగడి బంక. ఏ ఎద్దుబండి దొరికితే అది ఎక్కేది, లేకపోతే నడిచేది. ఒకరోజు కాళ్ళు కడుక్కుంటున్న ఆమెను చూసి మాస్టారు చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

"మనం ఒక బండి తీసుకుంటే ఎట్లా ఉంటుందంటారు, సిస్టర్ గారూ?"

"మనమా?" అంది ఆదెమ్మ. ఆమెకు బండి సంగతి తర్వాత అర్థమైంది. ముందు ఆ "మనం" దగ్గరే ఆగిపోయింది.

మాస్టారికి బండి నడపడం కొత్తకాదు. వయసులో ఉన్నప్పుడు మిషన్ ఆసుపత్రికి మోటారుసైకిల్ మీద మందులు మోసిన మనిషి. ఆ తర్వాత సైకిలే గతి అయింది. మర్నాడు ఇద్దరూ కలిసి గుంటూరు రోడ్డులో ఉన్న ఇమాం హుస్సేన్ షెడ్డుకు వెళ్ళారు. ఇమాం హుస్సేన్ మెకానిక్కే కాక, పాత బండ్లు బాగుచేసి అమ్మేవాడు కూడా.

"జపాను బండ్లు కొత్తగా వచ్చాయంటున్నారు కదయ్యా. మా హెడ్మాస్టరుగారు అదే తీసుకోమంటున్నారు," అన్నాడు మాస్టారు.

"బాగానే ఉంటాయండీ. తారురోడ్డు మీద తిరిగేవాళ్ళయితే నేనూ అదే చెబుతాను. సిస్టరమ్మ తిరిగేది డొంకల్లో, వాగుల్లో. మీ ఇద్దరి బరువు, ఆమె మందుల పెట్టె. కొంచెం ఒళ్ళున్న బండి కావాలి. మరీ ఒళ్ళున్నా లాగలేరు." షెడ్డులో వరసగా నిలబెట్టిన మూడు బండ్లను చూపించాడు. ఒక బుల్లెట్, ఒక ఎజ్డీ, ఒక రాజ్‌దూత్. "నా మాట వినొద్దు. ఒక్కో వారం ఒక్కోటి తీసుకెళ్ళి తిరగండి. అమ్మగారిని కూడా ఎక్కించుకోవాలి. సగం బండి వెనక కూర్చున్నవాళ్ళదే."

మాస్టారి చూపు అప్పటికే బుల్లెట్ మీద పడింది. ఆదెమ్మ గమనించింది. ఆయన దాని ట్యాంకు మీద చెయ్యి పెట్టిన తీరు, ఎవరింట్లోనో పసిపిల్లవాడి తల నిమిరినట్టుంది.

ఆ ఆదివారం ఆరాధన ముగిశాక బుల్లెట్ మీద బయల్దేరారు. ఆదెమ్మ పక్కకు తిరిగి కూర్చుని, చీర కుచ్చిళ్ళు ఒళ్ళో దోపుకుంది. బండి గుండె చప్పుడులా కొట్టుకుంటూ సాగింది. ఆ చప్పుడు సీటులోంచి ఆమె నడుములోకి, నడుములోంచి పళ్ళలోకి ఎక్కింది. రెండువైపులా పత్తి పగిలి ఉంది. చూపు ఆనినంత మేరా తెలుపే. మబ్బులు మోయలేక మోయలేక ఆకాశం వాటిని చేలమీద దించేసి పోయిందేమో అనిపించింది ఆమెకు. ఆ తెలుపులో పత్తి తీసే ఆడవాళ్ళ రంగు చీరలు నీళ్ళలో తేలుతున్నట్టు కదిలాయి. మాస్టారు తల తిప్పి ఏదో అన్నాడు.

"ఆఁ?"

ఆయన మళ్ళీ ఏదో అన్నాడు. మళ్ళీ వినపడలేదు. ఊరికే తలూపింది.

డొంకలోకి తిరిగాక, ముందురోజు పడ్డ అకాల వానకు రేగడి నానిపోయి ఉంది. చక్రానికి బంక చుట్టుకుంది. చుట్టుకున్నది మడ్‌గార్డు కింద ఇరుక్కుని చక్రాన్ని పట్టేసింది. బండి ఆగి, పడుకోవడానికి చోటు చూసుకున్న గేదెలాగా మెల్లగా పక్కకు ఒరిగింది.

"ఆదెమ్మా!" అని కేక పెట్టాడు మాస్టారు.

ఆదెమ్మ బురదలో వెల్లకిలా పడి ఉంది. దెబ్బేమీ తగల్లేదు. బురద చల్లగా, మెత్తగా ఉంది, పైన ఆకాశం ఉంది, తన పేరు ఆ ఆకాశం కిందనే ఎక్కడో తిరుగుతూ ఉంది. ఇంకోసారి పిలిస్తే లేద్దామని అలాగే పడుకుంది.

"ఆదెమ్మా! ఏమైంది? మాట్లాడవేం?"

అప్పుడు లేచింది. "ఏం కాలేదండీ," అంది. ఆ పూట ఆమె "మాస్టారండీ" అనలేదు, ఆయన "గారూ" అనలేదు. ఇద్దరూ గమనించారు గానీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

బుల్లెట్‌ను లేపడం వాళ్ళిద్దరి వల్లా కాలేదు. పత్తి చేలో ఉన్న పుల్లమ్మ, ఇంకొందరు కూలీలు వచ్చి, నవ్వుతూనే తలా ఒక చెయ్యి వేశారు. "ఇది బండా, బర్రెగొడ్డా సిస్టరమ్మా?" అంది పుల్లమ్మ. మాస్టారు చిన్నబుచ్చుకుని, జేబురుమాలు తీసి బండి ట్యాంకు తుడిచాడు. తన మొహం తుడుచుకోలేదు.

మరుసటి వారం ఎజ్డీ. చిలకలూరిపేట వైపు వెళ్ళే రోడ్డెక్కగానే నీళ్ళమీద పోతున్నట్టు పోయింది. గాలికి మాస్టారి చొక్కా ఉబ్బి ఆదెమ్మ మొహానికి తగులుతూ ఉంది. రోడ్డు చివర ఎండమావిలో చెట్లు తలకిందులుగా ఊగుతున్నాయి. అక్కడికి చేరేసరికి చెట్లు మామూలు చెట్లయిపోయి, ఎండమావి ఇంకాస్త ముందుకు జరిగేది. అట్లా ఎప్పటికీ చేరకపోయినా బాగుండేదనిపించింది ఆమెకు.

ఒకచోట రోడ్డు పక్కన మిరప కల్లం. నేలంతా ఎర్రగా ఆరబోసి ఉంది. ఎవరో కాయలు తిరగేస్తున్నారు. ఆ ఘాటు గాలిలో కలిసి ఇద్దరి ముక్కుల్లోకీ ఒకేసారి దూరింది. ముందు మాస్టారు తుమ్మాడు, వెంటనే ఆదెమ్మ. ఆ తర్వాత ఎవరి తుమ్ము ఎవరిదో తెలియలేదు. ఆయన బండి ఆపేశాడు. కళ్ళనిండా నీళ్ళతో ఒకరినొకరు చూసుకుని, కాసేపు నోరు తెరిచి పెద్దగా నవ్వారు. ఆయన నవ్వితే కింది వరసలో ఒక పన్ను వంకరగా కనపడుతుందని ఆమెకు ఆరోజే తెలిసింది.

తిరిగొచ్చేటప్పుడు అడ్డదారిన వాగు దాటాల్సి వచ్చింది. చప్టా మీద మోకాలి లోతు నీళ్ళు. సగం దూరం పోయాక మాస్టారు భయపడి యాక్సిలరేటర్ తగ్గించాడు. సైలెన్సర్లోకి నీళ్ళెక్కి ఇంజను ఆగిపోయింది. ఎంత కిక్కు కొట్టినా ఉలకలేదు, పలకలేదు.

"తప్పు నాదే," అన్నాడు. "కాసేపు ఆరనివ్వాలి."

బండిని నీళ్ళలోంచి నెట్టి ఒడ్డెక్కించి, చప్టా అంచున ఉన్న రాతిదిమ్మె మీద ఇద్దరూ కూర్చున్నారు. కాళ్ళ కిందనుంచి నీళ్ళు పోతున్నాయి. నీళ్ళనే చూస్తూ కూర్చుంటే, నీళ్ళు ఆగిపోయి తామిద్దరూ ఎక్కడికో కదిలిపోతున్నట్టుంది ఆదెమ్మకు. ఆ కదలికలోనే అడిగేసింది.

"ఇన్నేళ్ళు ఎందుకు పెళ్ళి చేసుకోలేదండీ మీరు?"

"మా అమ్మ మంచంలో ఉండేది కదా. వచ్చే పిల్లకు అదంతా ఎందుకని." ఆమె వైపు తిరిగి, "మరి నువ్వు?" అన్నాడు.

"నన్నెవరూ అడగలేదు."

మాస్టారు ఒక రాయి తీసి నీళ్ళలో వేశాడు. "అడుగుదామనే వచ్చేవాణ్ణి. ఆసుపత్రికి. జ్వరంగా ఉందని చెప్పేవాణ్ణి. నువ్వు థర్మామీటరు పెట్టేదానివి. ఒక్కసారన్నా జ్వరం ఉండి చావలేదు."

"తెలుసు."

"తెలుసా?"

"జ్వరం లేని మనిషికి మాత్రలు ఎందుకిచ్చానంటారు?"

"ఎందుకిచ్చావు?"

"అయిపోయాక మళ్ళీ వస్తారని."

మాస్టారు ఇంకో రాయి నీళ్ళలో వేశాడు. చాలాసేపటికి లేచి కిక్కు కొడితే బండి ఒక్క దెబ్బకే లేచింది. అయినా ఎక్కడానికి ఇద్దరూ తొందరపడలేదు.

ఇక రాజ్‌దూత్. దాన్ని తీసుకురావడానికి మాస్టారు కొంచెం సిగ్గుపడ్డాడు. అంతకుముందు అది ఒక పాలవాడిది. క్యాన్లు వేలాడదీసిన చోట రెండువైపులా సొట్టలు, సీటు కింద పాల వాసన. దాని చప్పుడులో దర్జా లేదు, పరుగులో దూకుడు లేదు. ఇమాం హుస్సేన్ ముందు చక్రం మడ్‌గార్డును పైకెత్తి బిగించాడు, బంక ఇరుక్కోకుండా.

ఆదెమ్మ పిన్ని అంకమ్మ కొత్తపట్నం దగ్గర సముద్రపు పల్లెలో ఉంటుంది. పెళ్ళికి రాలేకపోయింది. బండిని దూరం నడిపి చూసినట్టూ ఉంటుంది, పిన్నిని చూసినట్టూ ఉంటుందని, తెల్లవారుతూనే బయల్దేరారు. మంచు ఇంకా విడలేదు. మద్రాసు రోడ్డు మీద లారీల దీపాలు మంచులో పసుపు ముద్దల్లా వచ్చి, దగ్గరకు రాగానే లారీలైపోతున్నాయి. బండి ఒకటే వరసన, ఎవరో పక్కగదిలో జోలపాడుతున్నట్టు సన్నగా మోగుతూ ఉంది. ముందురోజంతా ఆదెమ్మ కాన్పు పనిమీద ఉంది. తల మాస్టారి వీపుకు ఆనింది. ఎప్పుడు ఆనిందో ఆమెకే తెలియదు.

కలలో ఆమె పత్తి మీద నడుస్తోంది. అరికాళ్ళకు నేల తగలడం లేదు. దారికి రెండువైపులా తాను పురుడు పోసిన ఆడవాళ్ళంతా బిడ్డల్ని చంకనేసుకుని నిలబడ్డారు. "ఎక్కడికి సిస్టరమ్మా?" అని అడుగుతున్నారు. ఎక్కడికో తనకూ తెలియదు. తెలియకపోవడం ఏమాత్రం ఇబ్బందిగా లేదు. "ఇట్లాగే," అని చెబుతూ నడుస్తోంది. ఉప్పు గాలి వచ్చి మొహానికి తగిలింది.

కళ్ళు తెరిచేసరికి బండి ఆగి ఉంది. ఎదురుగా సముద్రం. ఇది కలలో మిగిలిన ముక్కేమో అనుకుని ఆమె కదలకుండా ఉండిపోయింది. తర్వాత తెలిసింది, తన చెయ్యి మాస్టారి పొట్టమీద ఉంది, దాని మీద ఆయన ఎడమచెయ్యి గట్టిగా బిగిసి ఉంది.

"ఒంగోలు దాటామా?"

"ఎప్పుడో దాటాం."

"నన్ను లేపొచ్చు కదండీ!"

"పడిపోతావని పట్టుకున్నా. ఇక క్లచ్ పట్టుకోవడానికి చెయ్యెక్కడుంది? రోడ్డు ఖాళీగా ఉన్నంతసేపూ ఒకే గేరులో లాక్కొచ్చా. పాపం, ఏమీ అనలేదు ఇది."

ఎండుచేపల తట్ట దించుకుంటూ వచ్చిన అంకమ్మ, కూతురి వరసైన ఆదెమ్మను వాటేసుకుని, అల్లుణ్ణి ఎగాదిగా చూసింది. మధ్యాహ్నం చేపల పులుసుతో అన్నం పెట్టింది. "మీరు తినండి," "ముందు మీరు," అనుకుంటున్న ఇద్దర్నీ చూసి ఆమెకు ఒళ్ళు మండింది. "ఏందే ఇది, కలెక్టరాఫీసులో మాట్లాడుకున్నట్టు? తినండహె!" అంది. సముద్రపు హోరుకు అలవాటు పడిన గొంతు, వీధి చివరిదాకా వినపడింది.

చల్లబడ్డాక ఒడ్డున తడి ఇసుకలో బండి నడిపి చూశాడు మాస్టారు. పొడి ఇసుకలో కాస్త ఈదింది, తడి ఇసుకలో సాఫీగా పోయింది. అల వచ్చి చక్రం గుర్తును తుడిచేసేది, ఆయన మళ్ళీ గీసేవాడు. ఇసుకలో లాగి ఉంచిన తెప్పల పక్కన కూర్చుని ఆదెమ్మ చూస్తూ ఉంది. ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏది తీసుకుందామంటావు?"

"ఇదే."

"పాలబండా?"

"దీనిమీద నాకు నిద్రపట్టింది."

మాస్టారు తలూపాడు. కానీ ఆయన చూపు దూరంగా పోయింది. ఆదెమ్మకు బుల్లెట్ ట్యాంకు మీద ఆయన చెయ్యి గుర్తొచ్చింది. మనసు ఊరుకోలేదు.

"మీకు బుల్లెట్ ఇష్టం కదండీ. నాకోసం వదులుకోవద్దు. డొంకలో నేను దిగి నడుస్తాను."

"ఇష్టమే. ఎందుకు అబద్ధం చెప్పాలి?" ఇసుకను గుప్పిట్లోకి తీసుకుని వదిలేశాడు. "దానిమీద పోతుంటే నేనొక్కణ్ణే పోతున్నట్టుంటుంది. వయసులో అట్లాగే తిరిగా, బాగుండేది. ఆరోజు నువ్వు వెనక ఏదో అన్నావు, నాకు వినపడలేదు. పడిపోయేదాకా నువ్వున్నావని గుర్తులేదు. అది నాకు నచ్చలేదు, ఆదెమ్మా."

ఆరోజు తాను ఏమీ అనలేదనీ, అన్నది ఆయనేననీ ఆదెమ్మ చెప్పలేదు.

పాలబండే కొన్నారు. బుల్లెట్‌ను దగ్గర్లోని ఒక మిరపరైతు తీసుకున్నాడు. అది ఆ దారిన పోయినప్పుడల్లా మాస్టారి తల దానితోపాటే తిరిగేది. కాసేపు పలకరించినా పలికేవాడు కాదు. ఆదెమ్మ ఆ కాసేపు ఆయన జోలికి వెళ్ళేది కాదు.

వానాకాలం రాగానే ఒకరోజు వేకువన కబురొచ్చింది. డొంక లోపలి పల్లెలో సుబ్బరావమ్మ కోడలు రాజ్యానికి నొప్పులు. వాన జల్లుగా పడుతోంది. మాస్టారు బండి తీశాడు. రేగడి ఎప్పటిలాగే చక్రాన్ని పట్టుకోబోయింది. రెండుచోట్ల దిగి పుల్లతో బంక గీకాల్సి వచ్చింది, ఒకచోట ఆదెమ్మ నెట్టింది. అయినా పడలేదు, ఆగిపోలేదు. వాళ్ళు చేరేసరికి రాజ్యం ఒంటినిండా చెమటతో ఉంది. మాస్టారు చావిట్లో ఎద్దుల పక్కన కూర్చుని, లోపలినుంచి వచ్చే ఆదెమ్మ గొంతు వింటూ ఉన్నాడు. ఇంట్లో అంత నెమ్మదిగా మాట్లాడే మనిషి అక్కడ కేకలేస్తుంటే ఆయనకు ఆశ్చర్యంగా ఉంది. ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

బయటికొచ్చేసరికి వాన వెలిసింది. తడిసిన చేలమీద ఎండ పడుతోంది. సుబ్బరావమ్మ ఇచ్చిన కాఫీ తాగి, ఆదెమ్మ మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఎక్కింది. ఒళ్ళంతా అలసటగా ఉంది గానీ ఈసారి కళ్ళు మూతపడటం లేదు. రెండు డొంకలు కలిసేచోట మాస్టారు బండిని ప్రత్తిపాడు వైపు తిప్పబోయాడు.

"అటు కాదండీ, ఎడమకు పోనివ్వండి."

"అది చుట్టుదారి కదా, ఆదెమ్మా."

"తెలుసు. పోనివ్వండి."

ఆయన ఎడమకు తిప్పాడు.