గంపలో మిగిలిన గొంతు

పొద్దున్నే బందరు పాసింజరు రైల్లో దిగిన చేపలూ రొయ్యల దగ్గర తోసుకుని బేరమాడి, గంప నెత్తికెత్తుకుని నాంచారి కొత్తపేట సందుల్లో తిరుగుతుంది. పద్నాలుగేళ్ల పిల్ల. తను మాత్రం నోరు విప్పదు. "రొయ్యలమ్మా, పచ్చి రొయ్యలు" అని కేకేసేది గంపే. అది తల్లి గంగారత్నం గొంతు.

కిందటేడు గంగారత్నం నడిబజార్లో కూలబడింది. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట పోయింది. చిన్నప్పుడెప్పుడో గొంతునొప్పి, దాని వెనకే కీళ్లవాపు జ్వరం వచ్చి తగ్గాయి. తగ్గిందనుకున్న ఆ జబ్బే గుండె కవాటాన్ని తినేసిందనీ, అక్కడ గడ్డకట్టిన నెత్తురు మెదడుకెళ్లి అడ్డం పడిందనీ పెద్దాసుపత్రిలో చెప్పారు. పోయిన మాట మరెక్కడికి పోతుంది, ఇన్నేళ్లూ మోసిన గంపలోకే చేరింది. కొత్తపేట ఆడవాళ్లకు ఇందులో వింతేమీ కనపడలేదు. గంపతోనే గీచిగీచి బేరమాడేవాళ్లు, అది ఒప్పుకుంటే నాంచారి తూచిపెట్టేది.

వానాకాలంలో నాంచారికి గొంతునొప్పి, జ్వరం వచ్చి తగ్గాయి. ఆ తర్వాత మోకాళ్లు వాచాయి. మోత నొప్పులే అనుకుని వావిలాకు కాపడం పెట్టుకుంది. తను మంచం పడితే ఇంట్లో పొయ్యి వెలగదు. ఓ సాయంత్రం తల్లి ఎడమచేత్తో ఆ మోకాలు తడిమి, ఏదో చెప్పాలని మూలిగింది. నాంచారి మంచినీళ్లు తాగించింది. కాదన్నట్టు తలూపితే గంజి పట్టింది. గంగారత్నం కళ్లవెంట నీళ్లు కారాయి. పాపం, పిల్లకు అర్థం కాలేదు.

మర్నాడు గంప ఒక్క కేకా వెయ్యలేదు. నాంచారి కాళ్లీడ్చుకుంటూ నర్సు తెరేసమ్మ గుమ్మం దాకా వచ్చింది. అప్పుడు పలికింది గంప.

"నర్సమ్మగారూ, నా పిల్ల మోకాళ్లు చూడండి. నాకొచ్చిన జబ్బే దీనికీ వచ్చిందండి."

తెరేసమ్మ మోకాళ్లు నొక్కి చూసింది. గంప అరుగు మీద దింపించి, రిక్షా పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లింది. గుండెకింకా పెద్ద దెబ్బ తగల్లేదన్నారు. మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది, ఏళ్ల తరబడి మానకూడదన్నారు.

"మానావంటే మీ అమ్మ పక్కన ఇంకో మంచం వెయ్యాలే పిల్లా" అంది తెరేసమ్మ.

తిరిగొచ్చేసరికి రొయ్యలు పాడైపోయాయి. గంపలో చప్పుడు లేదు. ఇల్లు చేరాక నాంచారి దాన్ని తట్టి తట్టి, ఒక్క మాటనవే అమ్మా అని బతిమాలింది. మిగిలిన గొంతంతా ఆ గుమ్మంలోనే ఖర్చయిపోయింది. సూదికి కిక్కురుమనని పిల్ల గంపలో తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

మంచం మీంచి గంగారత్నం చూస్తూనే ఉంది. ఆమె ముఖం మాత్రం ఎన్నాళ్లకో తెరిపిన పడింది.