కచ్చా కుట్లు

మా అత్తయ్యకి చేతులు వణకడం మొదలై ఏడాది దాటింది. ఆ సంగతి ఆవిడకి తప్ప ఇంట్లో అందరికీ తెలుసు. నిజానికి ఆవిడకీ తెలుసు, ఒప్పుకోదంతే. ఆవిడ పేరు ఆండాళమ్మ. మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డా మొట్టమొదట పడుకున్నది ఆవిడ తన పాత నూలు చీరలు పేర్చి కుట్టిన బొంత మీదే. మా ఆయనా అంతే, మా అమ్మాయి నిఖితా అంతే. ఇప్పుడు నిఖిత తొలి కాన్పుకి జగ్గయ్యపేట వచ్చి మా దగ్గరే ఉంది. డాక్టరు చెప్పిన తేదీ ఇంకో మూడు వారాల్లో ఉంది. అత్తయ్య రెండు నెలలుగా కూర్చుని కుట్టింది రెండు జానలు.

"ఇలాగైతే పిల్ల బడికెళ్లే వేళకి పూర్తవుద్ది" అని ఒకరోజు నోరు జారాను.  అత్తయ్య ఆ పూట కాఫీ తాగలేదు.

నాకు కుదురు తక్కువ. పాలు పొయ్యి మీద పెట్టి పొంగేదాకా నిలబడటం కూడా నా వల్ల కాదు. ఆవిడ సూదిలో దారం ఎక్కించడానికి పావుగంట పడుతుంటే పక్కన కూర్చుని చూడటం ఎలా ఉంటుందో చెప్పలేను. సాయం చేస్తానంటే సూది ఇవ్వదు. మిషను కొంటానంటే "మరింకేం, కానీండి" అని సూది పక్కన పెట్టేస్తుంది, ఆ తర్వాత ఇక పట్టదు. అది నాకు తెలుసు. చెప్పకపోతే బొంత అవదు. చెబితే ఆవిడ పని ఆవిడ చేతిలోంచి నేను లాక్కున్నట్టవుతుంది. మా ఆయన భవానీప్రసాద్‌ని అడిగితే "అమ్మతో మాట్లాడేది నువ్వే" అని తన ఎరువుల కొట్టుకి వెళ్లిపోయాడు. ఇలాంటప్పుడు ఆ కొట్టుకి ఎక్కడలేని గిరాకీ వస్తుంది.

సరే, ముందు మిషను చూసొద్దాం, మాట తర్వాత చెబుదాం అనుకున్నాను. మాది వ్యాపారం చేసే ఇల్లు. సరుకు సొంత చేత్తో పట్టి చూడకుండా కొనే అలవాటు లేదు. కొట్లో వాళ్లు చూపించే పల్చటి పాప్లిన్ ముక్క మీద ఏ మిషనైనా ముత్యాల్లాంటి కుట్లే వేస్తుంది. నాలుగు పొరల పాత చీరల మీద వెయ్యాలి కదా. అందుకని పొద్దున్న పదింటికి, అత్తయ్య పూజలో ఉండగా, ఆవిడ పెట్లోంచి ఆ బొంతనే తీసి సంచిలో పెట్టుకున్నాను. ఆవిడ కుట్టు పట్టేది సాయంత్రం నాలుగింటికి, వరండాలోకి వెలుతురొచ్చాక. నాలుగింటికల్లా తెచ్చి పెట్టెయ్యొచ్చు.

మొదట మా ఊళ్లోనే చంద్రమౌళి గారి కొట్టుకి వెళ్లాను. ఆయన కాలితో తొక్కే నల్ల మిషను చూపించాడు. కుట్టు గట్టిగానే ఉంది. కానీ చుట్టిన బొంత సూదికీ మిషను మెడకీ మధ్య సందులో పట్టలేదు. అంచుల్లో తప్ప నడిమికి కుట్టు పోదు. తర్వాత తెల్లటి చిన్న మోటారు మిషను పెట్టాడు. అది రెండు పొరల దాకా బాగానే నడిచింది, నాలుగో పొర తగలగానే మూలిగి సూది విరుచుకుంది.

"ఇది జాకెట్లకండీ, బొంతలకి కాదు" అన్నాడాయన.

"మరి మొదటే చెప్పొచ్చుగా?"

"మీరు చెప్పనిచ్చారా, కూర్చుని తొక్కేశారు" అని నవ్వాడు. నందిగామలో ఓంకార్ కొట్లో మెడ పొడుగు మిషన్లుంటాయని తనే చెప్పాడు. ఇంటికెళ్లి భోంచేసి మర్నాడు పోవచ్చు. నేను తిన్నగా బస్టాండుకి పోయాను.

చిల్లకల్లు దాటేదాకా నిలబడే ఉన్నాను. సీటు దొరికాక కూడా రెండుసార్లు లేచి ఎక్కడిదాకా వచ్చామో చూశాను. పక్కన పెనుగంచిప్రోలు ఆవిడ మిరపనారు గురించి ఏదో అడిగింది, ఏం జవాబిచ్చానో గుర్తులేదు. ఒళ్లో సంచి, చేతికి గడియారం. ఎవరిదో వస్తువు ఎత్తుకొచ్చినదానిలా ఉంది నా వాలకం. ఎత్తుకొచ్చిన మాటా నిజమే.

ఓంకార్ చూపించిన మిషను చూడగానే నచ్చింది. మెడ పొడుగ్గా ఉంది, బొంత మొత్తం చుట్టి దూర్చినా ఇంకా చోటుంది. అతను ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. టైము రెండున్నర. నేను ఆగలేదు. బొంత మిషను పాదం కింద పెట్టి పెడలు నొక్కాను. ఎంత హాయిగా పోయిందో! అత్తయ్య వారం రోజులు కుట్టేంత వరస నిమిషంలో అయింది. ఇంకోటి వేశాను. మరోటి. నాలుగోది అవుతుండగా ఓంకార్ ఫోను పక్కన పడేసి పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, ఆపండి, ఆపండి! కచ్చా కుట్లు వెయ్యకుండా కుట్టేస్తున్నారేంటి?"

ఆపి చూశాను. పైచీర వెనక్కి జరిగిపోయి, అత్తయ్య కుట్లకి ఆనుకునే ముడతలు పడి, ఆ ముడతల మీద నుంచే నాలుగు వరసలూ పోయాయి. అడుగు పొర ఓ దారి, పై పొర ఓ దారి.

"మిషను అడుగు గుడ్డనే లాక్కుంటుందండి, పైది వెనకబడుద్ది. ముందు పొరలన్నీ కలిపి చేత్తో పెద్ద పెద్ద కుట్లు వేసుకోవాలి. వంకరైనా పర్లేదు. మిషను కుట్టు అయ్యాక తీసిపారేస్తాం" అన్నాడు ఓంకార్.

విప్పబోయాను. పాత చీర, పర్రుమంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.  మిషను కొంటానో కొననో కూడా చెప్పకుండా సంచి పట్టుకుని బయటికొచ్చేశాను. బస్సులో దారంతా నన్ను నేను తిట్టుకున్నాను. యాభై ఏళ్లొచ్చాయి, చీరలు ఆవిడవి, కుట్లు ఆవిడవి, తొందర మాత్రం నాది.

ఇల్లు చేరేసరికి నాలుగున్నర. అత్తయ్య వరండాలో కూర్చునుంది. సూదిలో దారం ఎక్కించి ఉంది. ఒడి ఖాళీగా ఉంది. నిఖిత నన్ను చూసి "బొంత కనపడట్లేదని నానమ్మ ఇల్లంతా వెతికిందమ్మా" అంది.

నేను నిలబడే మొత్తం చెప్పేశాను. మిషను, నందిగామ, ముడతలు, అన్నీ. చెబుతుంటే ఏడుపొచ్చింది. అత్తయ్య బొంత తీసుకుని ముడతల మీద వేళ్లు పోనిచ్చింది. వేళ్లు వణుకుతూనే ఉన్నాయి.

"మిషను మంచిదేనే అమ్మాయ్. కుట్టు బాగా పడింది" అంది. "నీకే తొందర."

"క్షమించండి అత్తయ్యా."

"ఆ అబ్బాయి ఏమన్నాడన్నావ్? పెద్ద పెద్ద కుట్లా?"

"అవునత్తయ్యా."

"వంకరైనా పర్లేదన్నాడా?"

"అన్నాడు."

ఆవిడ బొంత మడిచి ఒళ్లో పెట్టుకుంది. "అయితే ఆ మిషను తెప్పించు" అంది.

రెండు రోజులు పట్టింది, నేను సూదిమొనతో ఒక్కో కుట్టూ విప్పడానికి, ఆవిడ పక్కన కూర్చుని "మెల్లిగా" అనడానికి. తర్వాత సూది తను తీసుకుంది. వేలెడంత పొడుగు కుట్లు, ఎర్రదారంతో, బొంత నిండా. ఒకటి అటు పోతే ఒకటి ఇటు. ఎవరూ వేగిరపెట్టలేదు, ఎవరూ వంక పెట్టలేదు. నాలుగు రోజుల్లో అయిపోయింది. ఈసారి నేను పెడలు నొక్కితే చీరలు నాలుగూ ఒకే గుడ్డలా కదిలాయి. ఒక్క ముడత పడలేదు. కుడుతుంటే బొంత రెండో కొస ఆవిడే పట్టుకుంది.

ఆఖరి వరస అయ్యాక అత్తయ్య కత్తెర నా ముందు పెట్టింది.

"ఇక నావి తీసెయ్."

"ఉండనిద్దాం అత్తయ్యా. అందంగానే ఉన్నాయి."

"వదులు కుట్లు. పసిబిడ్డ వేళ్లు ఇరుక్కుంటాయి. తీసెయ్. నా చేతికి కత్తెరిస్తే గుడ్డ తెగుద్ది, నువ్వే తియ్యి."

చెయ్యి సంగతి ఆవిడ నోటంట రావడం అదే మొదలు. నేను కత్తెర తీసుకున్నాను. ఒక ముడి కత్తిరించి, ఎర్రదారం కొస పట్టుకుని కూర్చున్నాను. పుట్టి బుద్ధెరిగాక ఒక పని తొందరగా అవకూడదని నాకు అనిపించడం అప్పుడే. కానీ కచ్చా కుట్లు ఎంతసేపని తీస్తాం? లాగితే వచ్చేస్తాయి. వచ్చేశాయి.