రెండోసారి విరిగిన కాలు

నేను ఒక స్టీలు ప్లేటును. అన్నం తినేది కాదు. అగ్గిపుల్ల కన్నా పొట్టి. ఆరు చిల్లులు, ఆరు మరలు. ఈ క్షణాన రెండు కిలోల పొమరేనియన్ కుక్క ముందుకాలిలో, ఎముకను పట్టుకుని ఉన్నాను. నా చివరి మర పక్కన ఆ ఎముక ఇప్పుడే పుటుక్కున విరిగింది. కుక్క పేరు గవ్వ. అది అరుస్తోంది. దాని యజమాని శకుంతల టీచర్ ఇంకా గట్టిగా అరుస్తోంది.

“పడేశావు కదే పైడమ్మా! నిజం చెప్పు!”

“నేదమ్మా! నా బిడ్డల మీద ఒట్టు, నానెత్తనేదు. గడప దిగింది, కుయ్యిమంది. అంతే!”

నిజం అదే. ఎముక విరిగినప్పుడు దాని మీద ఎవరి చెయ్యీ లేదు. ఉన్న ఒక్క సాక్షినీ నేనే, నాకేమో నోరు లేదు. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో పనిచేస్తున్న మనిషిని టీచర్ ఒక్క మాటతో తీసేసింది: “రేపటి నుంచి రాకు.” కాలు విరిగితే మనుషులు ముందు వెతికేది డాక్టర్ని కాదు, తిట్టడానికి ఒకరిని. గవ్వ పైడమ్మ ఒడి వదలకపోవడంతో, ఆసుపత్రికి వెళ్లే ఆటోలో టీచర్ ఆమెనూ ఎక్కనిచ్చింది.

విశాఖ గోతుల్లో ఆటో ఎగిరిపడుతోంది. ఈలోపు నా సంగతి చెప్తాను.

నన్ను చేసింది మనుషుల విరిగిన చేతివేళ్ల కోసం. గవ్వ లాంటి బుల్లి కుక్కల కాళ్లకు సరిపోతానని పశువైద్యురాలు నజ్మా కొని సొరుగులో పెట్టింది. ఏడు నెలల క్రితం కాలింగ్ బెల్ మోగితే గవ్వ సోఫా మీంచి దూకింది, ముందుకాలు విరిగింది. ఎవరో కట్టిన కట్టుతో అతకలేదు. అంత సన్నటి ఎముకకు నెత్తురు పారేదే తక్కువట.

ఆపరేషన్ బల్ల మీదికి పల్చటి ప్లేటు ఒకదాన్నీ, నన్నూ తెచ్చారు. అంతకుముందే టీచర్ బతిమాలింది: “గట్టిది వెయ్యండి డాక్టర్ గారూ, దీనికి కుదురుండదు.” నజ్మా కాసేపు తటపటాయించి నన్నే తీసింది. పొంగిపోయాను. గవ్వ పరిగెత్తినా, మెట్లు దూకినా బరువంతా నేనే మోశాను. ఎముక మీద గ్రాము పడనిస్తే ఒట్టు. “నడుస్తోందిగా,” అని టీచర్ మళ్లీ చూపించడానికే తీసుకెళ్లలేదు.

ఆసుపత్రిలో అడుగు పెట్టగానే టీచర్ అందుకుంది. “ఇదిగో, ఇదే పడేసింది!”

పైడమ్మ ఏడవలేదు. “డాక్టరమ్మా, ముందు దాని నొప్పి సూడండి. నన్ను తరవాత తిట్టుకోమనండి.”

నజ్మా గవ్వకు ఇంజెక్షన్ ఇచ్చి ఎక్స్‌రే తీసింది. తెర మీద నేను తెల్లగా, దర్జాగా మెరిశాను. నా కింద ఎముక మాత్రం చీపురుపుల్లలా ఉంది. నజ్మా తెరకు దగ్గరగా వంగింది.

“ఇది ఇవాళ పడితే విరిగింది కాదు. నెలల తరబడి బరువు మోయక క్షీణించిపోయింది. పనిలేని ఎముక ఇలాగే సన్నబడుతుంది. ఎవరూ పడెయ్యక్కర్లేదు, అడుగేస్తే చాలు.”

“అంటే... పైడమ్మ కాదా?”

“కాదు. ముందు ఆవిడకి క్షమాపణ చెప్పండి.”

“మరి ఎవరండీ?”

నజ్మా వేలు తెర మీద జరిగి సరిగ్గా నా నడుం మీద ఆగింది.

“దీన్ని ఎంచింది నేను. విరగ్గొట్టింది ఈ ప్లేటు.”